బతికున్న మిన్నోలతో డ్రాప్ షాట్: క్రాపీ గాలంపై తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రాప్ షాట్ అంటే దారం చివర గుండు, దాని పైన హుక్కు కట్టే పద్ధతి. ఎర మిన్నో అనే చిన్న చేప, పట్టేది క్రాపీ అనే అమెరికా చేప. ఇక్కడ చెప్పిన లోతులు, నెలలు, నిబంధనలు ప్రధానంగా ఉత్తర టెక్సస్ రిజర్వాయర్లవి: లేవన్, రే రాబర్ట్స్, లూయిస్‌విల్, ఫోర్క్. జార్జియాలోనో ఒహాయోలోనో ఉన్నవారు రిగ్ (దారం, హుక్కు, గుండుల అమరిక) కట్టే పద్ధతిని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. నెలలు, నిబంధనలు మాత్రం మీ రాష్ట్రానివి చూసుకోండి.

క్రాపీ అంటే ఏ చేప? మన దగ్గర దొరికే చేపల్లో దేనికి దగ్గర?

దేనికీ దగ్గర కాదు. ఇది ఉత్తర అమెరికా మంచినీటి చేప, బాస్, బ్లూగిల్ ఉన్న సన్‌ఫిష్ కుటుంబానిది. పక్కలు నొక్కినట్టు పలచగా, వెండి రంగులో ఉంటుంది. ఇందులో రెండు రకాలు. తెల్ల క్రాపీకి ఒంటి మీద నిలువు చారలు, వీపు రెక్కలో 5 లేదా 6 ముళ్లు ఉంటాయి. నల్ల క్రాపీకి చెల్లాచెదురు మచ్చలు, 7 లేదా 8 ముళ్లు. రంగు నీటిని బట్టి మారిపోతుంది కాబట్టి అనుమానం వస్తే ముళ్లు లెక్కపెట్టడమే మేలు. లూయిజియానావాళ్లు దీన్నే సాకలే అంటారు.

గాలం వేసేవాళ్లు దీని గురించి తెలుసుకోవాల్సినవి రెండు. ఒకటి, పెదవుల చుట్టూ చర్మం కాగితమంత పలచన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. రెండోది, కళ్లు తలలో పైవైపు ఉంటాయి. తన పైన కదిలేదాన్ని చూసి పైకొచ్చి తింటుంది, కిందున్నదాని కోసం తల వంచడం చాలా అరుదు. కింద ఇచ్చిన జవాబుల్లో సగం ఈ రెండో విషయం చుట్టూనే తిరుగుతాయి.

బెండు కట్టి మిన్నో వేస్తే సరిపోదా? డ్రాప్ షాట్ ఎందుకు?

వసంతంలో చేపలు రెండు, మూడు అడుగుల నీటిలో గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు బెండే మంచిది. అప్పుడు డ్రాప్ షాట్‌తో కుస్తీ పట్టక్కర్లేదు.

బెండు ఎరను నీటి పైమట్టం నుంచి కొలిచిన లోతులో ఉంచుతుంది, డ్రాప్ షాట్ నేల నుంచి కొలిచిన ఎత్తులో ఉంచుతుంది. తేడా అంతే. దారం చివర గుండు, దానికి అడుగో రెండడుగులో పైన హుక్కు. గుండు అడుగున ఆనుతుంది, మిన్నో ఆ ఎత్తులోనే ఈదుతుంది. గాలికి అలలు లేచినా, పడవ కొంచెం అటూ ఇటూ జరిగినా, 12 అడుగుల నేల కాస్తా 15 అడుగులకు దిగినా ఎర ఎత్తు పెద్దగా మారదు. చేపలు నేలకు రెండు, మూడు అడుగుల్లోపు ఉన్నప్పుడు, ముఖ్యంగా 10 అడుగులు దాటిన లోతులో, బెండు కంటే ఇది నికరం.

ఏమేం కొనాలి?

రాడ్: ఆరున్నర నుంచి ఏడడుగుల లైట్ పవర్ స్పిన్నింగ్ రాడ్. కొస మెత్తగా వంగాలి. బాస్ కోసం కొన్న గట్టి రాడ్‌తో మొదలుపెడితే పెదవులు చిరగడం ఖాయం.

రీలు: 1000 లేదా 2000 సైజు. ఈ సైజు రీళ్లలో హ్యాండిల్ ఒక్క చుట్టుకు సుమారు రెండడుగుల లైన్ వస్తుంది. మీ రీలుకు ఎంతో ఒకసారి టేపుతో కొలిచి గుర్తుంచుకోండి, లోతు లెక్కకు పనికొస్తుంది.

లైన్: 6 పౌండ్ల బరువు ఆపే మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) చాలు. లోతులో చిన్న కదలిక కూడా చేతికి తెలియాలంటే 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) వేసి, దాని చివర 6 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఐదారడుగులు డబుల్ యూని ముడితో కలపండి.

హుక్కులు: సన్నని తీగతో చేసిన అబర్డీన్ రకం, 4వ లేదా 6వ నంబరు. నంబరు పెరిగేకొద్దీ హుక్కు చిన్నదవుతుందని మరిచిపోకండి. రెండున్నర అంగుళాల మిన్నోకు 2వ నంబరు.

గుండ్లు: 1/8, 1/4, 3/8 ఔన్సులు. 15 అడుగుల లోపు గాలి లేని రోజున 1/8 (మూడున్నర గ్రాములు), మామూలుగా 1/4 (7 గ్రాములు), గాలి ఉంటే 3/8. కొమ్మల్లోకి పెన్సిల్‌లా సన్నగా పొడుగ్గా ఉండేవి, ఖాళీ నేల మీదకు గుండ్రటివి. మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ వంటి రాష్ట్రాల్లో చిన్న సీసం గుండ్లు నిషేధం, అక్కడివారు టంగ్‌స్టన్ కానీ ఉక్కు కానీ కొనుక్కోవాలి.

ఇంకా రెండు చిన్న బ్యారెల్ స్వివెల్స్ (లైన్ మెలిపడకుండా తిరిగే కీళ్లు), ఒక చేతి వల, మిన్నో బకెట్, నీటిలోకి గాలి ఊదే బ్యాటరీ ఎయిరేటర్.

ముడి ఎలా వేయాలి?

పాలొమార్ ముడే, చివర ఒక మెలిక అదనం.

1. గుండుకీ హుక్కుకీ మధ్య 18 అంగుళాలు కావాలంటే 30 అంగుళాల దారం వదలండి. ముడి చాలా తింటుంది.
2. లైన్‌ను అక్కడ మడిచి, ఆ మడతను హుక్కు కంట్లోంచి దూర్చండి.
3. మడతతో మామూలు ముడి ఒకటి వదులుగా వేయండి.
4. మడత ఉచ్చులోంచి హుక్కు మొత్తాన్ని దాటించండి.
5. తడిపి, రెండు కొసలూ పట్టుకుని నెమ్మదిగా బిగించండి. పొడి ముడి బిగిస్తే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ బలహీనపడుతుంది.
6. మిగిలిన పొడుగు కొసను హుక్కు మొన ఉన్న వైపు నుంచి మళ్లీ కంట్లోకి దూర్చి కిందికి లాగండి.

ఆరో మెట్టు మరిస్తే హుక్కు దారానికి ఆనుకుని వేలాడుతుంది. సరిగ్గా చేస్తే దారానికి అడ్డంగా నిలబడి, మొన పైకి చూస్తుంది. గుండు కట్టేముందు దారం రెండు వైపులా లాగి పట్టుకుని చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

డ్రాప్ షాట్ గుండ్లకు పైన సన్నని నొక్కు ఉంటుంది. దారాన్ని కంట్లో పెట్టి ఆ నొక్కులోకి లాగితే పట్టేస్తుంది, ముడి అక్కర్లేదు. ఎత్తు మార్చాలంటే గుండును జరిపితే చాలు.

గుండుకీ హుక్కుకీ మధ్య ఎంత ఉండాలి?

అసలు ప్రశ్న ఇదే. ఎక్కడ చూసినా 12 నుంచి 18 అంగుళాలు అని ఉంటుంది, అది ఎక్కువగా బాస్ లెక్క. క్రాపీకి ఆ లెక్క తరచుగా చాలదు. చేప నేలకు రెండడుగుల పైన నిలబడి ఉంటే, అడుగు ఎత్తులో ఉన్న మిన్నో దాని పొట్ట కింద ఉన్నట్టే. చూడదు, చూసినా దిగదు. కాబట్టి చేప కంటే ఆరంగుళాలు పైన ఉండేట్టు కట్టండి. తప్పితే పైకే తప్పాలి, కిందికి కాదు.

సోనార్ (నీటి కింద నేలనూ చేపలనూ చూపే పరికరం) ఉంటే పని తేలిక: చేపల గుర్తులు నేల నుంచి ఎంత పైన ఉన్నాయో చూసి, దానికి అర అడుగు కలపండి. సోనార్ లేకపోతే 24 అంగుళాలతో మొదలుపెట్టండి. పది నిమిషాలు ఏమీ కొట్టకపోతే 36 చేయండి. చలికాలంలో చేపలు నేలకు అతుక్కున్నట్టు ఉంటాయి, అప్పుడు 12 నుంచి 15 సరిపోతుంది.

నీటిలో ముంచిన కొమ్మల కుప్పలు, అంటే ఇక్కడివాళ్లు బ్రష్ పైల్ అనేవి, వేరే లెక్క. నేల 22 అడుగుల్లో ఉండి కుప్ప ఆరడుగుల ఎత్తుంటే, దాని కొస 16 అడుగుల్లో ఉంటుంది. చేపలు ఆ కొస చుట్టూ, కొంచెం పైన తిరుగుతాయి. అక్కడ గుండును నేల దాకా వదిలితే హుక్కు కొమ్మల మధ్యలో ఇరుక్కుంటుంది. గుండు కుప్ప కొసకు తగిలేదాకా మాత్రమే వదిలి, అర చుట్టు చుట్టి, అక్కడే ఆపండి. అప్పుడు గుండు నేల మీద ఉండదు, మీరే పట్టుకుని ఉంటారు. డ్రాప్ షాట్‌కు ఇది అసలు స్వభావం కాకపోయినా బాగా పనిచేస్తుంది.

కింది దారం నాలుగడుగులు దాటితే మాత్రం ఇబ్బంది. చేప పైకొచ్చాక కూడా కింద గుండు ఊగుతూ వల కన్నుల్లో చిక్కుతుంది, అటు వల విడిపించేలోగా ఇటు చేప జారుతుంది.

ఒడ్డు నుంచి విసిరితే పనిచేస్తుందా?

చేస్తుంది, కానీ ఎత్తు మీరు కట్టినంత ఉండదు. పడవలోంచి నిట్టనిలువుగా దించితే 24 అంగుళాలు 24 గానే ఉంటాయి. ఒడ్డు నుంచి 60 అడుగుల దూరం, 10 అడుగుల లోతుకు విసిరారనుకోండి, రాడ్ కొస నీటికి ఐదడుగుల పైన ఉంది. లైన్ ఏటవాలుగా వస్తుంది కాబట్టి ఆ 24 అంగుళాల దారం మిన్నోను నేల నుంచి సుమారు ఆరు అంగుళాల ఎత్తులోనే నిలుపుతుంది. అందుకే ఒడ్డు నుంచి వేసేటప్పుడు మూడు, నాలుగు అడుగులు కట్టడం, రాడ్ కొసను వీలైనంత పైకి పట్టడం, 25, 30 అడుగులకు మించి విసరకపోవడం మంచిది. వంతెన స్తంభాలు, మెరీనా దగ్గరి పియర్లు దొరికితే నిలువుగానే దించండి.

విసిరేటప్పుడు రాడ్‌ను పక్కనుంచి మెల్లగా ఊపాలి. తల మీదుగా కొరడాలా విసిరితే మిన్నో గాలిలోనే ఊడిపోతుంది.

ఏ మిన్నోలు, ఎంత సైజు, ఎన్ని?

బెయిట్ షాపుల్లో "క్రాపీ మిన్నో" అని అడిగితే ఒకటిన్నర నుంచి రెండంగుళాల చేపలిస్తారు, డజన్ల లెక్కన. ఎక్కువ చోట్ల అవి ఫ్యాట్‌హెడ్ మిన్నోలు. వేడినీ తక్కువ ఆక్సిజన్‌నూ తట్టుకుంటాయి, హుక్కు మీద చాలాసేపు బతుకుతాయి. గోల్డెన్ షైనర్లు బాగా మెరుస్తాయి, మట్టి నీటిలో వాటికే ఎక్కువ కొడతాయి, కానీ చేత్తో పట్టుకుంటే పొలుసులు రాలి తొందరగా చస్తాయి. కొత్తవారికి ఫ్యాట్‌హెడ్. ఒక మనిషికి సగం రోజుకు మూడు డజన్లు సరిపోతాయి.

చలికాలంలో చిన్నవి, గుడ్ల కాలానికి ముందు పెద్దవి. చిన్న క్రాపీలే పడుతుంటే మిన్నో సైజు పెంచి చూడండి.

మిన్నోను ఎక్కడ గుచ్చాలి?

బతికున్న ఎర మనకు కొత్త కాదు, కొరమీనుకు కప్పపిల్లను వేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. అయితే కొరమీను ఎగబడి మింగుతుంది, క్రాపీ చప్పరిస్తుంది. కాబట్టి హుక్కు మొన బయట తేలి ఉండాలి.

నిట్టనిలువుగా దించి కదపకుండా ఉంచేటప్పుడు వీపు రెక్క కింద, వెన్నెముకకు పైన, చర్మంతో పాటు కొద్దిగా కండ పట్టేలా గుచ్చండి. వెన్నెముక తగిలితే మిన్నో అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. వీపున గుచ్చినది బాగా కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడమే క్రాపీని పిలుస్తుంది.

విసిరేటప్పుడు, లేదా పడవ కదులుతున్నప్పుడు పెదవుల దగ్గర, కింది నుంచి పైకి. వీపున గుచ్చి లాగితే అడ్డంగా తిరిగి లైన్‌ను మెలిపెడుతుంది. రెండు పెదవులూ కలిపి కుట్టేస్తే నోరు మూసుకుపోయి మొప్పలకు నీరు సరిగా అందదు, తొందరగా నీరసిస్తుంది. పై పెదవి, ముక్కు రంధ్రాల గుండా మాత్రమే గుచ్చితే ఎక్కువసేపు ఉంటుంది, కాకపోతే పట్టు కొంచెం తక్కువ.

చచ్చిన మిన్నోకు కూడా అప్పుడప్పుడు పడతాయి. కానీ చచ్చినదాన్ని వాడేటట్టయితే ప్లాస్టిక్ ఎర కొనుక్కోవడమే చవక.

ఇంటి నుంచి సరస్సుకు వెళ్లేలోగానే బకెట్‌లో సగం చచ్చిపోతున్నాయి. ఎందుకు?

మూడు కారణాలు, ఎక్కువసార్లు మొదటిదే.

కుళాయి నీరు. డాలస్ వంటి నగరాలు క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడతాయి. క్లోరిన్ అయితే ఒక రాత్రి తెరిచి ఉంచితే పోతుంది, క్లోరమైన్ అలా పోదు. అక్వేరియం షాపులో దొరికే వాటర్ కండిషనర్ కొలత ప్రకారం కలపండి, లేదా షాపువాళ్ల ట్యాంకు నీరే పట్టించుకోండి.

వేడి. నీరు 50 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మిన్నోలు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటాయి, పైగా చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది. వేసవిలో కారు డిక్కీలో మూత పెట్టిన బకెట్ అరగంటలో వేడెక్కుతుంది. ఐస్ ముక్కలు నేరుగా వేయకండి, ఆ ఐస్ కూడా కుళాయి నీరే. నీళ్ల సీసాను గడ్డకట్టించి, మూత బిగించి, బకెట్‌లో వేయండి. ఒక్కసారిగా పది డిగ్రీలు మారితే ఆ దెబ్బకే చస్తాయి.

రద్దీ. ఎయిరేటర్ నడుస్తూ ఉంటే గాలన్ నీటికి డజను. చచ్చినవాటిని వెంటనే తీసేయాలి, లేకపోతే నీరు పాడై మిగతావీ పోతాయి.

దించాక రాడ్ ఆడించాలా?

ప్లాస్టిక్ ఎరకైతే ఆడించాలి. మిన్నో తనంతట తానే ఆడుతుంది, మీరు ఊపితే హుక్కు చిల్లు పెద్దదై ఊడిపోతుంది. గుండు నేలకు తగిలాక లైన్ వదులు తీసి, గుండు బరువు ఉందా లేదా అన్నంత బిగువులో ఆపండి. అర నిమిషానికోసారి రాడ్ కొసను ఆరంగుళాలు లేపి దించితే చాలు. మిన్నో ఉన్నట్టుండి గాభరాగా కొట్టుకోవడం చేతికి తెలిస్తే పక్కకు ఏదో వచ్చినట్టే, అప్పుడు అసలు కదపకండి.

కొట్టింది తెలుస్తోంది, లాగితే ఖాళీ హుక్కు వస్తోంది.

తొందరపడి గట్టిగా లాగుతున్నారు. "టక్" మన్న మొదటి చప్పుడుకు ఒకటి, రెండు అనుకుని, రాడ్ కొస నెమ్మదిగా వంగడం మొదలయ్యాక రాడ్‌ను మెల్లగా పైకెత్తి రీలు తిప్పండి. బాస్‌కు ఇచ్చే కుదుపు ఇస్తే పెదవి చిరిగి చిల్లు పడుతుంది, హుక్కు అందులోంచి జారిపోతుంది. డ్రాగ్ (చేప లాగినప్పుడు రీలు లైన్ వదిలే బిగువు) వదులుగా, చేత్తో లాగితే తేలిగ్గా జారేంత ఉంచండి. పైకి తెచ్చేటప్పుడు ఒకే వేగం, మధ్యలో ఆపకూడదు. అర పౌండు దాటిన ఏ చేపనూ లైన్ పట్టుకుని నీటిలోంచి ఎత్తకండి, వల పెట్టండి.

కొన్నిసార్లు గుండు బరువు హఠాత్తుగా మాయమై లైన్ వదులవుతుంది. చేప ఎరతో పాటు పైకి లేచిందన్నమాట. వదులు చుట్టేసి మెల్లగా ఎత్తండి.

మిన్నో తోక మాత్రమే కొరికి వదిలేస్తుంటే అవి చిన్న చేపలో, బ్లూగిల్సో. చోటు మార్చడమే మందు.

లైన్ మెలికలు పడి చిక్కుపోతోంది.

హుక్కుకు రెండడుగుల పైన చిన్న స్వివెల్ కట్టండి. అయినా పడుతుంటే మిన్నో వంకరగా గుచ్చుకుని గిరగిర తిరుగుతోంది. పైకి లాగేటప్పుడు నీటి పైన చూస్తే తెలుస్తుంది, తీసి మళ్లీ గుచ్చండి. రీలు మీద పడిన పాత మెలిక పోవాలంటే లైన్ చివర ఏమీ కట్టకుండా కదిలే పడవ వెనక యాభై గజాలు వదిలి, చుట్టేయండి.

ప్రతిసారీ కొమ్మల్లో ఇరుక్కుని మొత్తం పోతోంది.

ఇరుక్కునేది ఎక్కువగా గుండు. నొక్కు ఉన్న గుండు కొస దగ్గర ముడి వేయకండి, గట్టిగా లాగితే గుండు జారిపోయి హుక్కు, దారం దక్కుతాయి. పోయేది గుండే కదా, పోనివ్వండి. హుక్కే కొమ్మకు పట్టుకుంటే పది పౌండ్ల బ్రెయిడ్‌తో నిదానంగా, కుదపకుండా లాగితే సన్న తీగ హుక్కు సాగి బయటపడుతుంది, పటకారుతో మళ్లీ వంచుకోవచ్చు. అందుకోసమైనా మందపాటి హుక్కులు వద్దు. ఈ ఉపాయానికి బ్రెయిడ్ చివరి ఫ్లోరోకార్బన్ కూడా 8 పౌండ్లది ఉండాలి, ఆరైతే ముందు అదే తెగుతుంది.

ఏ కాలంలో ఎంత లోతు?

ఫిబ్రవరిలో నీటి వేడి 50ల ఫారెన్‌హీట్‌లోకి రాగానే చేపలు వాగు మలుపుల వెంట 10 నుంచి 20 అడుగుల్లో చేరతాయి. మార్చి, ఏప్రిల్‌లో 60 దాటాక ఒడ్డుకు వస్తాయి, అప్పుడు బెండు. మే నుంచి మళ్లీ లోతుకు: వంతెన స్తంభాలు, బ్రష్ పైల్స్, మునిగిన చెట్లు.

జూన్ తర్వాత ఒక తిరకాసు ఉంది. వేసవిలో పై వేడి నీరు, కింది చల్ల నీరు కలవకుండా విడిపోతాయి. ఆ హద్దు కింద ఆక్సిజన్ దాదాపు ఉండదు, చేపలూ ఉండవు. చాలా రిజర్వాయర్లలో అది 15 నుంచి 25 అడుగుల మధ్య వస్తుంది. 30 అడుగుల నేల మీద గుండు ఆనించి ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు. సోనార్ సెన్సిటివిటీ పెంచితే ఆ హద్దు మసక గీతలా కనిపిస్తుంది. సోనార్ లేనివారికి మిన్నోనే పరికరం: దించిన ఐదారు నిమిషాలకే చచ్చి వస్తుంటే హద్దు దాటి దించారు. నేల ఆ హద్దుకు పైన ఉన్న చోటికి జరగండి, లేదా గుండును గాలిలో వేలాడదీసినట్టు మధ్య నీటిలో ఆపండి.

శీతాకాలంలో ఫోర్క్ వంటి లోతైన సరస్సుల్లో చేపలు 35 అడుగులు దాటి దిగుతాయి. డ్రాప్ షాట్ అచ్చంగా పనికొచ్చే కాలం అదే.

రెండు హుక్కులు కట్టవచ్చా?

కట్టవచ్చు. మొదటిదానికి 18 అంగుళాల పైన రెండోది, అదే ముడి. చేపలు ఏ ఎత్తులో ఉన్నాయో తెలియనప్పుడు ఇది వెతుకులాటకు బాగుంటుంది. వరసగా పై హుక్కుకే పడుతుంటే కిందిది తీసేసి ఎత్తు పెంచండి. బ్రష్‌లో మాత్రం ఒక్కటే, రెండోది ఎప్పుడూ కొమ్మకే పడుతుంది.

లైసెన్సు, పరిమితుల సంగతి?

టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు ఉండాలి. ఆరు నెలలకు పైగా వరసగా ఇక్కడే ఉంటున్నవారు రెసిడెంట్ ధరకు కొనుక్కోవచ్చు. మామూలు వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, జూలైలో కొన్నా అంతే. స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచో పియర్ నుంచో వేస్తే లైసెన్సు అక్కర్లేదు.

క్రాపీ రెండు రకాలూ కలిపి రోజుకు 25, కనీస పొడవు 10 అంగుళాలు. నోరు మూసి, తోక కొసలు దగ్గరకు నొక్కి కొలవాలి. ఫోర్క్, లేక్ ఓ ది పైన్స్ సరస్సుల్లో డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా నియమం తిరగబడుతుంది: పొడవు పరిమితి ఉండదు, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాలి, 25 కాగానే ఆపేయాలి. అంత లోతు నుంచి వచ్చిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా బతకదు కాబట్టి ఈ నియమం. ఏటా సెప్టెంబరులో నిబంధనలు మారవచ్చు, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వారి యాప్‌లో సరస్సు పేరుతో చూసుకోండి.

కొన్న మిన్నోలకు రసీదు దాచమంటారు, నిజమేనా?

నిజమే. జీబ్రా మస్సెల్ అనే ఆల్చిప్ప 2009లో టెక్సోమా సరస్సులో కనిపించి, అక్కడి నుంచి ఇతర సరస్సులకు పాకింది. దాని పిల్లలు కంటికి కనిపించవు, బకెట్ నీటిలోనే ప్రయాణిస్తాయి. కొన్న మిన్నోలను పడవలో వాడేటప్పుడు ఎక్కడ కొన్నారో తెలిపే రసీదు ఉండాలి. సరస్సు ఒడ్డునే కొని, ఆ సరస్సు నీటిలోనే తెచ్చుకున్నవి ఆ సరస్సులోనే వాడాలి. వెళ్లేటప్పుడు పడవలోని నీరంతా వంచేయాలి.

మిగిలిన మిన్నోలను పాపమని నీటిలో వదలకండి. అక్కడివి కాని చేపలూ, వాటి జబ్బులూ అలాగే పాకుతాయి. పక్కవారికి ఇవ్వండి, లేదా చెత్తబుట్టలో వేయండి.

సియాటిల్, పోర్ట్‌లాండ్ వైపు ఉన్నవారు గమనించండి: వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల మంచినీటిలో బతికున్న చేపను ఎరగా వాడటమే నిషేధం. అక్కడ ఇదే రిగ్‌కు రెండంగుళాల ప్లాస్టిక్ మిన్నో తొడగండి.

పులుసు పెట్టవచ్చా?

మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది, పులుసులో గరిటె పెడితే విడిపోతుంది. ముక్కలను ముందు కొంచెం వేయించి, దించే ముందు ఐదు నిమిషాలు పులుసులో వేస్తే నిలుస్తాయి. అపోలో ఫిష్‌కైతే ఇంతకంటే మంచి చేప ఇక్కడ దొరకదు: పక్కటెముకలు తీసేస్తే ముళ్లు దాదాపు ఉండవు. పట్టగానే ఐస్‌లో పెట్టండి, వేసవిలో బకెట్ నీటిలో ఉంచితే గంటలో కండ మెత్తబడుతుంది. పడవలోనే తల, తోక కోయకండి, ఒడ్డుకు చేరేదాకా పొడవు కొలిచే వీలుండాలి.